లాయంలోకి దిగిన కెమెరా

1821లో ఫ్రెంచి చిత్రకారుడు జెరికో ఇంగ్లండులోని ఎప్సమ్ గుర్రప్పందేన్ని బొమ్మగా వేశాడు. అందులో నాలుగు గుర్రాలూ ముందరి కాళ్లు ముందుకీ, వెనక కాళ్లు వెనక్కీ చాపి నేల తాకకుండా తేలిపోతుంటాయి. గుర్రం అలాగే పరుగెడుతుందని అప్పటివాళ్ల నమ్మకం. వేల ఏళ్లుగా దాణా పెట్టి, జీను కట్టి, స్వారీ చేసిన మనిషికి, దౌడు తీసే గుర్రం ఏ కాలు ఎప్పుడు ఎత్తుతుందో మాత్రం కంటికి అందలేదు.

ఆ గుట్టు 1878 జూన్‌లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో బయటపడింది. రైలుమార్గాల వ్యాపారంతో కోటీశ్వరుడైన మాజీ గవర్నరు లీలండ్ స్టాన్‌ఫర్డ్‌కు అక్కడ గుర్రాల ఫారం ఉండేది. ఆయన ఖర్చు పెట్టుకోగా, ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ అనే ఫోటోగ్రాఫరు బాట పక్కన కెమెరాలు వరసగా నిలిపి, బాటకు అడ్డంగా సన్నని దారాలు కట్టాడు. శాలీ గార్డ్‌నర్ అనే ఆడగుర్రం దారాలు తెంపుకుంటూ దూసుకుపోతుంటే ఒక్కో కెమెరా ఒక్కో ఫోటో తీసింది. నాలుగు కాళ్లూ గాల్లో ఉన్న క్షణం దొరికింది. తీరా చూస్తే ఆ క్షణంలో కాళ్లు చాచుకుని లేవు, పొట్ట కిందికి ముడుచుకుని ఉన్నాయి!

మరుసటి ఏడాదే మైబ్రిడ్జ్ అలాంటి బొమ్మలను గాజు పళ్లెం మీద గుండ్రంగా వేయించి, తిప్పుతూ తెర మీద వెలుగు పడేలా ఒక యంత్రం చేశాడు. తెర మీద గుర్రం పరుగెత్తింది. సినిమా పుట్టుకకు దారి వేసిన అడుగుల్లో ఇదొకటి.

సినిమా వచ్చాక కూడా కెమెరా పందెపు బాటను వదల్లేదు. 1896లో ఎప్సమ్‌లోనే జరిగే డెర్బీ పందెంలో వేల్స్ యువరాజు గుర్రం పెర్సిమన్ గెలిచింది. రాబర్ట్ పాల్ దాన్ని చిత్రీకరించి, మర్నాటి సాయంత్రానికే లండన్‌లోని ఆల్‌హంబ్రా థియేటర్లో ఆడించాడు. 1931లో జాన్ లోగీ బెయర్డ్ అదే డెర్బీ దగ్గరికి టెలివిజన్ పరికరాలున్న బండి తెచ్చాడు. బొమ్మ మొత్తం 30 గీతల్లోనే. గుర్రాలు నీడల్లా కదిలాయంతే. అయినా ఎప్సమ్‌లో పరుగు జరుగుతుండగానే అది టెలిఫోను తీగ మీదుగా లండన్ చేరింది. మరుసటి ఏడాది ఒక సినిమాహాల్లో జనం డెర్బీని అప్పటికప్పుడు చూశారు. నటుడు టామ్ వాల్స్ సొంత గుర్రం ఏప్రిల్ ద ఫిఫ్త్ గెలవడం కూడా ఆ తెర మీదే చూశారు.

అయితే తొలినాళ్ల బరువైన కెమెరాలకు కిలోమీటర్ల పొడవున సాగే పందెం కన్నా నాలుగు గోడల మధ్య జరిగే పోటీ సులువు. ఆ అవకాశం అడ్డంకులు దూకించే పోటీలకు కలిసొచ్చింది. 1949లో లండన్‌లోని హారింగే అరీనాలో ‘హార్స్ ఆఫ్ ద ఇయర్ షో’ మొదలైంది. దాన్ని నిలబెట్టినవారిలో ముఖ్యుడు మైక్ ఆన్సెల్. యుద్ధంలో చూపు పోగొట్టుకున్న ఈ సైనికాధికారి, జనానికి కన్నులపండువయ్యే పోటీని తీర్చిదిద్దాడు! 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో బ్రిటన్‌కు దక్కిన ఏకైక స్వర్ణం ఈ ఆటలోనే వచ్చింది. ఆ జట్టులోని ఫాక్స్‌హంటర్ అనే గుర్రం దేశమంతటికీ ముద్దుబిడ్డ అయింది. బీబీసీ వ్యాఖ్యాత డోరియన్ విలియమ్స్ గొంతు గుర్రం ఎక్కని ఇళ్లలో కూడా పరిచితమైంది. దాదాపు ఏడు కిలోమీటర్లు, 30 అడ్డంకులు ఉన్న గ్రాండ్ నేషనల్ పందెం బీబీసీ తెర మీద ప్రత్యక్షంగా కనిపించడానికి మాత్రం 1960 దాకా ఆగాల్సి వచ్చింది.

ఇంత జరిగినా తెర మీద గుర్రం అంటే పరుగో, దూకడమో, పతకమో. లాయంలో ఏం జరుగుతుందో ఎవరికీ పట్టలేదు.

పట్టాల్సిన అవసరం వేరే దారిన వచ్చింది. అమెరికాలో 1920 నాటికి గుర్రాలు, కంచర గాడిదలు కలిపి సుమారు రెండున్నర కోట్లు. ట్రాక్టరూ మోటారూ వచ్చాక, 1960 నాటికి అవి 30 లక్షల చిల్లరకు పడిపోయాయి. గుర్రం పొలం పని మానేసి సరదాకీ స్వారీకీ మిగిలింది. కొత్తగా గుర్రాన్ని కొన్నవాడి ఇంట్లో డెక్క ఎలా చూడాలో, నాడా ఎప్పుడు మార్చాలో, కడుపునొప్పితో పొర్లుతుంటే ఏం చేయాలో చెప్పే తాత లేడు. ఆ తాత పనిని టీవీలో పత్రికలాంటి కార్యక్రమాలు తలకెత్తుకున్నాయి.

2000 డిసెంబరులో నెబ్రాస్కాకు చెందిన పాట్రిక్ గాచ్ పల్లెవాసుల కోసం ఆర్‌ఎఫ్‌డీ టీవీ మొదలుపెట్టాడు. వ్యవసాయంతో పాటు గుర్రాల కార్యక్రమాలకు అక్కడ పెద్దపీట దక్కింది. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన క్లింటన్ ఆండర్సన్ అందులో శిక్షణ పాఠాలు చెప్పాడు. జూలీ గుడ్‌నైట్ ‘హార్స్ మాస్టర్’లో ఒక్కో భాగంలో ఒక్కో రౌతు చిక్కు తీర్చేది. ఆ పాఠాల్లో కెమెరా గెలుపు గీత వైపు చూడదు. చెవి ఎటు తిరిగింది, కళ్లెం ఎంత వదులుగా ఉంది, మనిషి ఎక్కడ నిలబడ్డాడు అన్నవే చూస్తుంది.

ఫ్రాన్స్‌లో పందేల సంస్థలే 1999లో ఎక్విడియా అనే చానల్ పెట్టాయి. పందేలూ, పత్రికా కార్యక్రమాలూ మొదట ఒకే చోట సాగాయి. 2011లో దాన్ని రెండు చేశారు. పందేలకు ఎక్విడియా లైవ్, స్వారీకీ పెంపకానికీ లాయం కబుర్లకూ ఎక్విడియా లైఫ్. పందేల చానల్ వెనక బెట్టింగ్ సొమ్ము ఉంది, లాయం కబుర్లకు అదేం లేదు. 2017 చివర లైఫ్ మూతపడింది. పందేల చానల్ మళ్లీ ఎక్విడియా అన్న పాత పేరుతోనే నడుస్తోంది.