గురజాల నుంచి గుడారాల పండుగ దాకా

పల్నాడులోని రెంటచింతల ఎండ రాష్ట్రమంతటికీ తెలుసు. వేసవిలో టీవీ వార్తల్లో ఉష్ణోగ్రతలు చెబితే ఈ ఊరి పేరు రాకుండా ఉండదు. ఆ ఎండలు ముదిరే వేళకే గుడ్ ఫ్రైడే వస్తుంది. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఆరాధన. సిలువ మీద క్రీస్తు పలికిన ఏడు మాటలను ఏడుగురు వంతులవారీగా వివరిస్తారు. ఒకరు మాట ముగించగానే ఒక పాట, ఆపైన ఇంకొకరు. తెల్లచీరల ఆడవాళ్లు పమిట కొంగుతో విసురుకుంటూనే వింటుంటారు. ఉపవాసం కాబట్టి చాలామంది మంచినీళ్లు కూడా ముట్టరు. రేకుల కప్పు కింద ఆ మూడు గంటలు కూర్చున్నవాళ్లకు భక్తి గురించి వేరే పరీక్ష అక్కర్లేదు.

పల్నాడులో లూథరన్ సంఘాల కథ గురజాలలో మొదలవుతుంది. జర్మనీలో 1793లో పుట్టి అమెరికాలో పాస్టరైన జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ 1842 జులై 31న గుంటూరు చేరాడు. కొన్నాళ్లకు అమెరికా వెళ్లి, 1847లో, యాభై దాటిన వయసులో, బాల్టిమోర్‌లో వైద్య పట్టా పుచ్చుకుని మళ్లీ వచ్చాడు. 1849లో గురజాలకు మకాం మార్చాడు. అప్పటి గుంటూరు కలెక్టర్ హెన్రీ స్టోక్స్ అండ ఆయనకుంది. ఇప్పటి లూథరన్లకు ఆయన ‘ఫాదర్ హయ్యర్’. జులై 31 వస్తే ఆయన్ను తలుచుకోని లూథరన్ సంఘం ఉండదు. జ్వరాల సీమలో ప్రసంగం కంటే మందు సీసా ముందు పని చేసి ఉంటుందనుకోవడంలో తప్పు లేదు.

నరసరావుపేట, వినుకొండల వైపు వచ్చిన దారి వేరు. అది ఒంగోలు నుంచి వచ్చింది. తాళ్లకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోళ్ల వ్యాపారి 1866లో బాప్తిస్మం తీసుకుని, తమవాళ్ల మధ్య ఊరూరా తిరిగి చెప్పాడు. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకుని కూలీలకు పని చూపించాడు. కరువు తీరాక, 1878 జులై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. సంఘం ఒక్క ఒంగోలు నుంచి చూసుకోలేనంతగా పెరగడంతో 1883లో నరసరావుపేట, వినుకొండ విడి మిషన్ కేంద్రాలయ్యాయి. క్లౌ పేరు పుస్తకాల నిండా ఉంది. పేరయ్య పేరు దాని వెనక నిలబడుతుంది. వరుస తిరగేసి రాసినా చరిత్రకు లోటుండేది కాదు.

మూడోది కతోలిక దారి. రెంటచింతల కానుకమాత చర్చి, నరసరావుపేటకు దగ్గరలోని ఫిరంగిపురం బాలయేసు దేవాలయం దాని గురుతులు. ఈ ఊళ్ల కతోలికుల్లో రెడ్లు ఎక్కువ. కానుకమాత పండుగను ఊరివాళ్లు తిరునాళ్ల అనే అంటారు. ఎడ్లు బండ లాగే పోటీలకు పక్క మండలాల నుంచి జనం వస్తారు. వాళ్లందరూ పూజ వినడానికే వచ్చారనుకుంటే పొరపాటు. అయినా తిరునాళ్ల అంటే అదే కదా!

ఇలా మూడు దారుల్లో వచ్చిన మతం మూడు వాడల్లో స్థిరపడింది. లూథరన్ అంటే ఎక్కువగా మాలపల్లె, బాప్టిస్టు అంటే ఎక్కువగా మాదిగపల్లె, కతోలిక అంటే రెడ్ల బజారు కూడా. ఈ సీమకు ఇదో ఎత్తిపొడుపు. మాచర్ల చెన్నకేశవస్వామి సన్నిధిలో బ్రహ్మనాయుడు అన్ని కులాలను ఒక్క చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టించాడని పల్నాడు నేటికీ గొప్పగా చెప్పుకుంటుంది. కారెంపూడి వీరుల ఉత్సవాల్లో మందపోరు నాడు చాపకూడు ఇప్పటికీ జరుగుతుంది. చర్చిలో దానికి సాటి వచ్చేది ప్రేమవిందు. క్రిస్మస్‌కో ప్రతిష్ఠ పండుగకో పెట్టే ఆ విందులో ఒక సంఘంవాళ్లంతా ఒకే బంతిలో కూర్చుంటారు. పక్క వాడలోని పక్క సంఘాన్ని పిలవడం మాత్రం ఇంకా అరుదు. పెళ్లి సంబంధాల దగ్గర ఆ గీత మరీ గట్టిపడుతుంది.

పాటకు మాత్రం ఆ గీత లేదు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం లూథరన్ బల్ల మీదా ఉంటుంది, బాప్టిస్టు బల్ల మీదా ఉంటుంది. కీర్తన పైన రాగం, తాళం అచ్చు వేసి ఉంటాయి. 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి పాటలను చదువు రాని ముసలమ్మలు కూడా చరణాలతో సహా అప్పజెప్పగలరు. వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువ ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఇప్పటి కుర్రకారు చేతిలో కీబోర్డు, రిథమ్ ప్యాడ్ ఉన్నాయి. హోసన్నా మందిరంవాళ్ల పాట కొత్తది రాగానే ఏ పేరున్న సంఘమైనా నెల తిరక్కుండా నేర్చేసుకుంటుంది.

నాగార్జునసాగర్ కుడి కాలువ వచ్చాక పల్నాడు పంటలు మారాయి, వాటితో పాటు చర్చి వేళలూ మారాయి. మిరప కోతలు జోరుగా ఉండే రోజుల్లోనే నలభై రోజుల శ్రమకాలం పడుతుంది. పొద్దున్నే ఆటో ఎక్కి చేలకు వెళ్లిన ఆడవాళ్లు పొద్దుగూకి వచ్చి, వండి పెట్టి, రాత్రి ఎనిమిదికి ఇంటి ప్రార్థనలో కూర్చుంటారు. చేతులు మిరప మంటతో ఉంటాయి కాబట్టి కళ్లు తుడుచుకోవడానికి కొంగే. పల్లె సంఘాన్ని నిలబెట్టింది వీళ్లే. వండేటప్పుడల్లా ఒక పిడికెడు బియ్యం విడిగా తీసిపెట్టి ఆదివారం తెచ్చి పోసేదీ వీళ్లే. సంఘ పెద్దల పేర్లు రాసిన బోర్డు మీద మాత్రం ఆడపేర్లు వెతుక్కోవాలి.

కోత పండుగ నాడు చర్చి సగం సంత అవుతుంది. మిరపకాయలు, పత్తి, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోడిపుంజు అన్నీ కానుకలే. ఆరాధన అయ్యాక వేలం. పుంజును పాడుకున్నాయన దాన్ని మళ్లీ దేవునికే ఇచ్చేస్తే మళ్లీ వేలం. అయ్యగారి ముఖంలో ఆ రోజు కనిపించే సంతోషం మామూలు ఆదివారాల్లో కనపడదు.

డిసెంబరు మొదలవకముందే సెమీ క్రిస్మస్‌లు మొదలవుతాయి. రాజకీయ నాయకులు వచ్చి కేకు కోస్తారు. డిసెంబరు 31 అర్ధరాత్రి ఆరాధనలో ఒక్కొక్కరూ వాగ్దానపు కార్డు తీసుకుంటారు. అది ఏడాదంతా బీరువా తలుపుకో ఫోను కవరులోనో ఉంటుంది. జనవరి 27, 28, 29 తేదీల్లో నాగార్జున విశ్వవిద్యాలయం ఎదుట బైబిల్ మిషన్ మహాసభలకు బస్సులు కదులుతాయి. 1938లో ఆ మిషన్‌ను మొదలుపెట్టిన ముంగమూరి దేవదాసు కూడా ఒకప్పుడు లూథరనే. తర్వాత గుంటూరు దగ్గర హోసన్నావారి గుడారాల పండుగ. పాత సంఘాల పెద్దలు ‘మనవాళ్లు అటు పోతున్నార’ని గొణుగుతారు గానీ, ఆ బస్సుల్లో వాళ్ల పిల్లలే ఉంటారు.

వీటన్నిటి వెనక ఒక కాగితం గొడవ ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. తర్వాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తించింది, క్రైస్తవులకు వర్తించలేదు. రాష్ట్రంలో ఎస్సీల నుంచి మారిన క్రైస్తవులు బీసీ-సి, వాళ్ల రిజర్వేషన్ వాటా ఒక్క శాతం. క్రైస్తవంలోకి మారినవారికి ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం రక్షణ వర్తించదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టర్ కేసులో చెప్పాక ఈ చర్చ పల్లె అరుగుల మీదకూ వచ్చింది. వాడలో వివక్ష మాత్రం బాప్తిస్మం కాగితం చూసి ఆగదు. అందుకే చాలా ఇళ్లలో రెండు పేర్లు. బడి సర్టిఫికెట్‌లో ఒకటి, సంఘం రిజిస్టరులో ఇంకొకటి. పెళ్లి ముందు చర్చిలో ప్రకటన చదివే అయ్యగారు ఏ పేరు చదవాలో ముందుగానే ఇంటివాళ్లను అడిగి రాసుకుంటారు.