మబ్బుల కొండ, పలకల కొండ

బస్సు దిగగానే చలిగాలి ముఖానికి తగులుతుంది. జూన్ నెలే అయినా జాకెట్టు జిప్పు గొంతుదాకా లాక్కుంటాం. ఉత్తర వేల్స్‌లోని లాన్‌బెరిస్ ఇది. ఊరంతా దాదాపు ఒక్కటే వీధి. వీధికి రెండు పక్కలా గులాబీ, నీలం, పసుపు రంగులు వేసిన ఇళ్లు, వాటన్నిటి మీదా ఒకే ముదురు బూడిదరంగు కప్పు. ఊరి పేరులోని మొదటి అక్షరాన్ని ఇక్కడివాళ్లు నాలుకను పైపళ్ల వెనక ఆనించి, పక్కలనుంచి గాలి వదులుతూ పలుకుతారు. మన చెవికి అది హ్లాన్‌బెరిస్ అని వినబడుతుంది.

దారి పొడుగునా మన వెనక సీట్లో బడిపిల్లలు వెల్ష్‌లోనే కబుర్లాడుకున్నారు, వెల్ష్‌లోనే పోట్లాడుకున్నారు. గ్వినెడ్ ప్రాంతంలో 2021 జనాభా లెక్కల ప్రకారం నూటికి 64 మంది ఆ భాష మాట్లాడతారు. పక్కనే ఇంగ్లీషు లాంటి మహాసముద్రం పెట్టుకుని కూడా పిల్లల కీచులాటల్లో బతికి ఉన్న భాషను చూస్తే మనసు నిండుతుంది. ఇన్నాళ్లూ ప్రపంచం స్నోడోనియా అని పిలిచిన ఈ నేషనల్ పార్కును ఎరరి అనీ, స్నోడన్ శిఖరాన్ని అర్ విద్వా అనీ వాటి సొంత పేర్లతోనే పిలవాలని పార్కు పాలకమండలి 2022 నవంబరులో తీర్మానించింది. అందుకని మనమూ అలాగే పిలుద్దాం.

నాలుగడుగులు వేస్తే పడార్న్ సరస్సు. ఒడ్డున నిలబడి చుట్టూ చూడండి. వెనకవైపు పచ్చటి వాలు ఊరి మీదుగా పైకి పాకుతూ పోయి మబ్బులో మాయమవుతోంది. ఆ మబ్బులోనే ఎక్కడో ఉంది 1,085 మీటర్ల అర్ విద్వా, వేల్స్ మొత్తానికి ఎత్తయిన శిఖరం. ఇప్పుడు నీటికి అవతల చూడండి. ఎలిడిర్ కొండ. దాని ఒంటిమీద చాలామేర పచ్చదనమే లేదు. నీటి అంచునుంచి ఆకాశందాకా మెట్లు మెట్లుగా చెక్కేసి ఉంది. ఎండ పడినచోట ఊదారంగు, నీడ పడినచోట నలుపు. మెట్ల మధ్య ముక్కలైన రాయి ఏరులా జారి కిందికి దిగింది. అదే డినోర్విగ్ పలకరాతి గని. 1787 నుంచి 1969 దాకా మనుషులు ఆ కొండను తొలిచారు.

వచ్చినవాళ్లలో ఎక్కువమంది మబ్బుల కొండకే ఫొటో తీసుకుంటారు. నాకు మాత్రం ఈ రెండు కొండలనూ కలిపి చూడందే ఎరరిని చూసినట్టు కాదనిపిస్తుంది.

ముందు మబ్బుల కొండే ఎక్కుదాం. నడిచే ఓపిక ఉన్నవాళ్లకు ఊళ్లోంచే బాట ఉంది, పోనూ రానూ సుమారు 14 కిలోమీటర్లు. మనం రైలెక్కుతున్నాం. ఇంజనుకు ఒక్కటే పెట్టె. ఇంజను దిగువన ఉండి పెట్టెను పైకి నెడుతుంది. రెండు పట్టాల మధ్య పళ్లున్న ఇనుప పట్టీ పరిచి ఉంటుంది. ఇంజను కింది పళ్లచక్రం ఆ పళ్లను పట్టుకుంటూ ఒక్కొక్కటిగా ఎక్కుతుంది. కింద కటకటమని ఆ చప్పుడు మనకు అరికాళ్లలో తెలుస్తూనే ఉంటుంది. 1896 ఏప్రిల్ 6న ఈ రైలు మొదలైన రోజే ఒక ఇంజను పట్టుతప్పి లోయలో పడింది. పెట్టెలోంచి భయంతో దూకినవాళ్లలో ఒకాయన ప్రాణం పోయింది. ఏడాదిపాటు దారి మూసి, పట్టీని ఇంజను వదలకుండా పట్టుకునే ఏర్పాటు చేసి, 1897లో మళ్లీ తెరిచారు.

ఊరు దాటగానే చెట్ల సందులోంచి జలపాతం తెల్లగా మెరిసి తప్పుకుంటుంది. తర్వాత చెట్లు అయిపోతాయి. రాతిగోడలు, గొర్రెలు, గడ్డి. ఆపైన గోడలూ అయిపోతాయి. గడ్డిలోంచి రాయి మోకాళ్లలా పొడుచుకొస్తుంది. క్లోగ్విన్ స్టేషను దగ్గర ఒక్కసారిగా ఎడమపక్క నేల తెగిపోతుంది. ఎక్కడో పాతాళంలో లాన్‌బెరిస్ కనుమ, అందులో దారంలా రోడ్డు. పెట్టెలో అందరూ ఒక్క క్షణం మాట ఆపేస్తారు. అవతలిపక్క నల్లటి నిలువుబండ మీద తాళ్లు కట్టుకుని ఎగబాకే మనుషులు చుక్కల్లా కనబడతారు. ఇలాంటి ఎత్తయిన బండల బీటల్లోనే, గొర్రెకు నోరందని చోట, స్నోడన్ లిల్లీ అనే సన్నని తెల్లపువ్వు పూస్తుంది. మంచుయుగం వెనక్కి తగ్గినా తాను మిగిలిపోయిన పువ్వు. బ్రిటన్‌లో ఈ కొండల్లో తప్ప మరెక్కడా లేదు.

పైన దిగేసరికి ఏమీ లేదు. తెల్లదనం. చెయ్యి చాస్తే వేళ్లు మసకబారతాయి. స్టేషనుకు ఆనుకుని 2009లో కట్టిన రాతి భవనంలో వేడి టీ తాగి, బయట మెట్లెక్కి శిఖరం కొసన రాళ్లగుట్ట మీదికి చేరతాం. దీని కింద రిటా అనే రాక్షసుడి సమాధి ఉందని వెల్ష్ కథ. ఓడించిన రాజులందరి గడ్డాలూ కోసి వాటితో పైవస్త్రం కుట్టుకున్నాడట. ఆర్థర్ రాజు గడ్డం కూడా కావాలని అడిగి అతని చేతిలో చచ్చాడట. కథ గుర్తు చేసుకుంటూ నిలబడ్డ మన చెవుల్లో గాలి హోరు.

అంతలో ఎవరో "అదిగో!" అని కేకేస్తారు. మబ్బు చిరుగుతుంది. ముందు కత్తి అంచులాంటి క్రిబ్ గోఖ్ శిఖరాల వరస. యునైటెడ్ కింగ్‌డమ్‌లో అత్యధికంగా వానపడే చోట్లలో అదొకటి, ఏడాదికి 4,000 మిల్లీమీటర్లకు పైమాటే. దాని కింద రెండు సరస్సులు. పైది గ్లాస్లిన్, కిందిది లిదౌ. పడమరన సముద్రం, వాయవ్యాన ఆంగ్లసీ ద్వీపం. గాలి బాగా తేటగా ఉన్న రోజున ఐర్లండ్ కొండలు కూడా అందుతాయి. గ్లాస్లిన్ నీళ్ల నీలిపచ్చ రంగు మీంచి చూపు తిప్పుకోలేం. ఆ రంగు వెనక రాగి ఉంది. ఆ నీళ్లను ఆనుకునే ఒకప్పుడు రాగి గని నడిచింది. ఇవాళ కాలినడకన వచ్చేవాళ్లు ఉత్సాహంగా ఎక్కివచ్చే మైనర్స్ ట్రాక్ రాగి ఖనిజం దించడానికి వేసిన బాటే. మనిషి చెమట పడని చోటు ఈ కొండల్లో దొరకడం కష్టం.

మధ్యాహ్నం సరస్సు దాటి పలకల కొండ వైపు నడుద్దాం.

ముందు ఎదురయ్యేది వివియన్ గని. నిలువుగోడల మధ్య నల్లటి నీళ్ల గుంట, అందులో డైవింగ్ దుస్తుల్లో డైవర్లు మునుగుతుంటారు. పక్కన వాలు మీద రెండు జతల పట్టాలు. బరువు బండి కిందికి దిగుతూ తాడుతో ఖాళీ బండిని పైకి లాగేది. ఇంజను అక్కర్లేదు, రాతి బరువే రాతిని మోసింది. ఇక్కడినుంచి ఓక్ చెట్ల నీడన వంకరబాట ఎక్కుతుంది. బాట కూడా పలకే, గోడలు పలకే, కంచె కూడా నిలబెట్టిన పలకముక్కల్ని తీగతో అల్లినదే. ఒక ముక్క తీసి చేతిలో పట్టుకోండి. చల్లగా, నున్నగా, అంచు పదునుగా. మార్కాపురం వాళ్లకు ఈ రాయిని పరిచయం చెయ్యక్కర్లేదు. మనం అ ఆలు దిద్దుకున్న పలక ఈ జాతి రాయే. ఇక్కడి రాతిలోనూ కొంత బడిపలకలైంది, చాలాభాగం ఇంటికప్పులైంది. 1842లో హాంబర్గ్ నగరం తగలబడ్డాక మళ్లీ లేచిన ఇళ్ల మీదికి వేల్స్ పలకలు ఓడల్లో వెళ్లాయి.

యాభై కోట్ల ఏళ్ల కిందటి సముద్రపు బురద ఇది. భూమి ఒత్తిడికి గట్టిపడి, ఒక్క దిశలో మాత్రం పొరలుగా విడిపోయే గుణం తెచ్చుకుంది. ఆ దిశను పట్టుకోవడమే విద్య. చీల్చేవాడు దిమ్మెను తొడకు ఆనించి కూర్చుంటాడు. వెడల్పాటి ఉలిని అంచున పెట్టి కర్రసుత్తితో మెల్లగా తడతాడు. దిమ్మె రెండవుతుంది. రెండూ నాలుగవుతాయి. కొన్ని మిల్లీమీటర్ల మందం వచ్చేదాకా సగం చేస్తూనే పోతాడు. యంత్రాలు కోతపని నేర్చుకున్నాయి, చీల్చే పనిలో చేతికి సాటి రాలేకపోయాయి. తయారైన పలకలకు కొలతను బట్టి రాణి, డచెస్, కౌంటెస్ అని పేర్లు. అవి చెక్కినవాళ్లలో కొందరు వారమంతా పడుకున్నది ఈ బాట మీదే ముందు కనబడే గదుల్లో.

ఆంగ్లసీ బ్యారక్స్ అంటారు వాటిని. ఎదురెదురుగా రెండు వరసలు, వరసకు పదకొండు ఇళ్లు. కప్పులు పోయాయి, గోడలు నిలిచాయి. ఒక గుమ్మంలోకి వంగి వెళ్లండి. ఒక పొయ్యి, ఒక కిటికీ, నలుగురు పడుకోవడానికి చోటు. ఆంగ్లసీ ద్వీపంనుంచి సోమవారం తెల్లవారక ముందే తిండిమూట కట్టుకుని బయల్దేరి, శనివారం పని ముగిశాక ఇంటికి పోయేవారు. 1948లో ఆరోగ్యశాఖ తనిఖీకి వచ్చి, మనుషులు ఉండదగిన చోటు కాదని తేల్చేదాకా ఇక్కడ జనం ఉన్నారు. నెత్తిన ఆకాశంతో ఆ గదిలో నిలబడితే కాసేపటికి ఊపిరి బరువవుతుంది.

గనిలో ఒకప్పుడు మూడువేలమందికి పైగా పనిచేశారు. కబాన్ అనే చిన్న షెడ్డులో భోజనానికి కూర్చున్నప్పుడు బైబిలు మీదా రాజకీయం మీదా వాదించుకునేవారు, పద్యాలు కట్టేవారు, పాడేవారు. తిరిగి వెళ్లి దుమ్ము పీల్చేవారు. పలకదుమ్ము ఊపిరితిత్తుల్ని గట్టిపరిచి చంపుతుంటే, కొందరు గని వైద్యులు దుమ్ము వల్ల ప్రమాదం లేదన్నారు. మరిగించి మరిగించి తాగే టీయే ఆరోగ్యం చెడగొడుతోందన్నారు. ఈ ప్రాంత చరిత్రలో నన్ను ఇంతగా కోపానికి గురిచేసిన విషయం మరొకటి లేదు. ఈ జబ్బుపడ్డ కార్మికులకు పరిహారం చట్టంగా దొరికింది 1979లో. డినోర్విగ్ మూతపడి అప్పటికి పదేళ్లు.

ఇప్పుడు అదే కొండ కడుపులో 1984లో ప్రారంభమైన జలవిద్యుత్ కేంద్రం ఉంది. కరెంటు చవకైన వేళ కింది పెరిస్ సరస్సునుంచి నీటిని పై జలాశయానికి తోడి, గిరాకీ పెరిగిన క్షణాన కిందికి వదులుతారు. సామర్థ్యం 1,728 మెగావాట్లు. అందాన్ని చెడగొట్టకూడదని మొత్తం భూగర్భంలో కట్టారు. ఒడ్డున నిలబడినవాడికి అది ఉందనే తెలియదు. 2021లో ఈ గనులనూ, వాటి చుట్టూ అల్లుకున్న ఊళ్లనూ కలిపి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఊళ్లోకి దిగి బారా బ్రిత్ అడగండి. టీలో నానబెట్టిన ఎండుద్రాక్ష వేసి కాల్చిన రొట్టె, పైన మందంగా వెన్న. అది పెట్టిన పెద్దావిడకు థాంక్యూ బదులు 'డియోల్ఖ్' అనండి. ఆమె ముఖం విప్పారడం మీరే చూస్తారు.

మర్నాడు బెద్‌గెలర్ట్ పోదాం. ఎరరి చుట్టూ తిరిగే బస్సుకు షెర్పా అని పేరు. అది కనుమ ఎక్కి, పెన్-ఎ-గ్విరిడ్ హోటలు పక్కగా దిగుతుంది. 1953లో ఎవరెస్టు ఎక్కిన బృందం ముందుగా సాధన చేసింది ఈ హోటల్లో బసచేసే. తర్వాత రెండు సరస్సులు, ఆపైన రెండు ఏర్లు కలిసేచోట రాతివంతెన, ఊరు. ఏటి వెంబడి పొలంలో నడిస్తే ఒక చెట్టు నీడన చిన్న కంచె, లోపల ఒక కుక్క సమాధి, పలకమీద చెక్కిన దాని కథ. రాజు లువెలిన్ వేటనుంచి వచ్చేసరికి ఊయల బోర్లా పడి ఉంది, కుక్క గెలర్ట్ నోటినిండా నెత్తురు. బిడ్డను తినేసిందనుకుని కత్తి దూసి దాన్ని చంపేశాడు. అప్పుడు ఊయల కింద బిడ్డ ఏడుపు వినబడింది, పక్కన చచ్చిన తోడేలు.

మనకిది కొత్త కథా? పంచతంత్రంలోని బ్రాహ్మణుడు, ముంగిస, పాము! మన కథ అరబ్బీ, యూరపు భాషలగుండా ఊరూరా వేషం మార్చుకుంటూ ఇంతదూరం నడిచి వచ్చింది. సుమారు 1793లో ఇక్కడి గోట్ హోటలు యజమాని యాత్రికుల్ని రప్పించడానికి ఈ సమాధిరాయి పాతించాడని చెబుతారు. అయితేనేం, చిన్న పిల్ల ఒకతి కంచె పట్టుకుని వాళ్లమ్మ చదువుతుంటే కళ్లనీళ్లు పెట్టుకుంటోంది. మన బామ్మల కథకు వేల్స్‌లో పిల్లలు ఏడుస్తున్నారంటే కథ బలం అది.

వెళ్లాలనుకునేవాళ్లకు రెండు మాటలు. రైలు శిఖరందాకా పోయేది వెచ్చటి నెలల్లోనే, అదీ గాలీ మంచూ అనుకూలిస్తేనే. టికెట్టు ముందే కొనుక్కోండి. లాన్‌బెరిస్‌లోని పలకల మ్యూజియాన్ని పునరుద్ధరణ కోసం 2024 నవంబరులో మూశారు, తెరిచిందో లేదో చూసుకుని బయల్దేరండి. బ్యారక్స్‌కు టికెట్టు లేదు, బాట ఎప్పుడూ తెరిచే ఉంటుంది. శిఖరం మబ్బులో ఉండి రైలు ఆగిపోయినా దిగులుపడి తిరిగి రావద్దు. ఆ పూట డినోర్విగ్ మెట్లెక్కండి, ఆ గదుల్లో కాసేపు నిలబడండి.