మచ్చా? పిట్టా?

రెండేళ్ళ కిందట, డిసెంబరులో, నంద్యాల జిల్లా రోళ్ళపాడు వెళ్ళాను. ఒకప్పుడు బట్టమేక పిట్టలకు పేరుపడ్డ గడ్డిమైదానం అది. ఇప్పుడు వెళ్ళేవాళ్ళలో చాలామంది చలికాలానికి వలసొచ్చే హారియర్ గద్దల కోసం వెళ్తున్నారు. పొద్దెక్కాక, గద్దలన్నీ వేటకి వెళ్ళిపోయాక, ఖాళీ గడ్డినీ దానిమీది ఆకాశాన్నీ ఎఫ్/16 దగ్గర నాలుగైదు ఫొటోలు తీసుకున్నాను. ఇంటికొచ్చి కంప్యూటర్లో తెరిస్తే ఆకాశం నిండా బూడిదరంగు మచ్చలు. సెన్సర్ మీద దుమ్ము! విసుక్కుంటూ ఒక్కో మచ్చ మీదా నొక్కి చెరిపేశాను. మొత్తం తొమ్మిది. మర్నాడు పక్క ఫ్రేము తెరిచాను. ఎనిమిది మచ్చలు ఉన్నచోటే ఉన్నాయి. తొమ్మిదోది మాత్రం కాస్త ఎడమకి జరిగింది.

దుమ్ము ఎగరదు కదా. నేను చెరిపింది పిట్టని.

ఏ పిట్టో ఇప్పటికీ తెలీదు. కానీ ఆ రోజు నుంచీ ఒక ప్రశ్న పట్టుకుంది. పిట్టల్ని ఫొటో తీయడానికి మనిషి పడ్డ పాట్లలో దుమ్ము వాటా ఎంత?

చాలానే. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ తడి కొలోడియన్ పద్ధతిని ప్రకటించాడు. గాజుపలక మీద జిగురులాంటి కొలోడియన్ పోసి, వెండి లవణాల ద్రావణంలో ముంచి, ఆరిపోయేలోపే ఫొటో తీసి, ఆరిపోయేలోపే కడగాలి. తడిగా ఉన్న జిగురుకి దుమ్మంటే ఎంత ప్రేమో వేరే చెప్పాలా? బయటికి వెళ్ళే ఫొటోగ్రాఫరు చీకటిగదిని గుడారంగా కట్టుకుని మోసుకెళ్ళాల్సిందే. పైగా ఎక్స్‌పోజరుకి సెకన్ల మీద సెకన్లు పట్టేది. ఏ పిట్ట అంతసేపు ఆగుతుంది? అందుకే ఆ కాలంలో పిట్ట ఫొటో అంటే ఎక్కువగా చంపి, గడ్డి కూరి నిలబెట్టిన పిట్ట ఫొటోనే.

1871లో రిచర్డ్ లీచ్ మాడాక్స్ అనే ఇంగ్లీషు డాక్టరు జెలటిన్ పొడి పలకని ప్రతిపాదించాడు. తర్వాత కొన్నేళ్ళలో మిగతావాళ్ళు దానికి మెరుగులు దిద్దాక, ముందే తయారైన పలకల్ని పెట్టెలో వేసుకుని కొండలెక్కడం కుదిరింది. 1892 వసంతంలో రిచర్డ్, చెర్రీ కియర్టన్ అనే అన్నదమ్ములు ఒక పాటల పిట్ట గూడునీ అందులోని గుడ్లనీ ఫొటో తీశారు. 1895లో వాళ్ళ పుస్తకం 'బ్రిటిష్ బర్డ్స్ నెస్ట్స్' వచ్చింది. బొమ్మలన్నీ ప్రకృతిలో తీసిన ఫొటోలే అయిన తొలి పుస్తకాల్లో అదొకటి. పిట్టల కంటపడకుండా ఉండటానికి వాళ్ళు ఎద్దు చర్మంతో బోలు ఎద్దుని తయారుచేసి, కెమెరాతో సహా దాని కడుపులో దూరారు. తుపాకీతో పిట్టని దించే పనిని, ఓపిగ్గా నక్కి కూర్చునే పనిగా మార్చిన తరం అది.

ఆ పలకలకీ దుమ్ము బెడద తప్పలేదు. పలకని హోల్డర్లో పెట్టేముందు మెత్తటి కుంచెతో దులిపేవాళ్ళు. అయినా ఒక నలుసు మిగిలితే అది వెలుతురుకి అడ్డుపడేది. నెగటివ్‌లో అక్కడ ఖాళీ, ప్రింటులో నల్లచుక్క. అదే నలుసు ప్రింటు వేసేటప్పుడు నెగటివ్ మీద వాలితే తెల్లచుక్క. మన ఊళ్ళ పాత స్టూడియోల్లో పెన్సిలూ సన్నకుంచే పట్టుకుని టచింగ్ చేసేవాళ్ళు ఉండేవాళ్ళు గుర్తుందా? వాళ్ళ పనిలో సగం మొహానికి మెరుగు దిద్దడమైతే, సగం ఈ చుక్కల్ని కప్పడం. కానీ ఫిలిం రోల్‌లో ఒక సుఖం ఉంది. ప్రతి ఫొటోకీ కొత్త ముక్క. దుమ్ము పడితే ఆ ముక్కతోబాటు ముందుకు పోతుంది. తర్వాతి ఫొటో శుభ్రం.

డిజిటల్ వచ్చి ఆ సుఖాన్ని తీసేసింది. 1991లో కొడాక్, నికాన్ ఎఫ్3 బాడీకి సెన్సర్ తగిలించి డీసీఎస్ అమ్మకానికి పెట్టింది. అప్పటినుంచీ ముక్క మారదు. ఈరోజు పడ్డ నలుసు రేపటి ఫొటోలోనూ ఉంటుంది, వచ్చే నెల ఫొటోలోనూ ఉంటుంది. లెన్సు మార్చిన ప్రతిసారీ తలుపు తెరిచినట్టే. 2003లో ఒలింపస్ ఈ-1 సెన్సర్ ముందున్న గాజుని చప్పుడు వినపడనంత వేగంగా వణికించి దుమ్ము దులిపే ఏర్పాటుతో వచ్చింది. తర్వాత మిగతా కంపెనీలూ ఆ దారిన నడిచాయి. పొడి దుమ్ము రాలుతుంది గానీ, జిడ్డుగా అతుక్కున్నది ఎంత వణికించినా కదలదు.

పిట్టల ఫొటోగ్రాఫర్లకి ఈ దుమ్ము తొందరగా కనపడదు, అదే తమాషా. నలుసు సెన్సర్ మీద నేరుగా ఉండదు, దానిపైనున్న గాజు మీద ఉంటుంది. ట్యూబులైటు కింద చెయ్యి పెడితే నీడ చెదిరిపోతుంది, చిన్న టార్చి ముందు పెడితే అంచులతో సహా పడుతుంది కదా, ఇదీ అంతే. పిట్ట కోసం ఎపర్చర్ని ఎఫ్/4, ఎఫ్/5.6 దగ్గర బార్లా తెరుస్తాం. వెలుతురు నాలుగు వైపులనుంచీ వచ్చి నీడని మింగేస్తుంది. ఎఫ్/16కి ముడవగానే దాక్కున్న దుమ్మంతా బయటపడుతుంది. నెలల తరబడి మోసుకు తిరుగుతున్నామని అప్పుడు తెలుస్తుంది.

శుభ్రం చెయ్యడం పెద్ద విద్యేం కాదు. ఎఫ్/22 దగ్గర తెల్లగోడని, ఫోకస్ తప్పించి, ఒక ఫొటో తీసి మచ్చలు చూసుకోవాలి. ఫొటోలో పైన కనపడ్డ మచ్చ సెన్సర్ మీద కిందుంటుంది, ఎందుకంటే లెన్సు బొమ్మని తలకిందులు చేస్తుంది. బాటరీ నిండుగా ఉండాలి. కెమెరా నోరు కిందికి తిప్పి రబ్బరు బ్లోయరుతో గాలి కొట్టాలి. నోటితో మాత్రం ఊదకండి, తుంపర పడితే దుమ్మే నయమనిపిస్తుంది. అప్పటికీ పోకపోతే, సెన్సర్ సైజుకి సరిపడే స్వాబు మీద రెండు చుక్కలు ద్రావణం వేసి ఒక్కసారి ఇటునుంచి అటు లాగడమే.

కానీ దుమ్ము ఎప్పుడూ శత్రువేనా? మన కలివికోడి కథ వినండి. నెల్లూరులో డాక్టరుగా పనిచేసిన జెర్డన్ దాన్ని లోకానికి చూపించాడు. 1848లో బ్లైత్ శాస్త్రీయంగా పేరు పెట్టాడు. 1900లో అనంతపురం దగ్గర కనపడ్డాక మళ్ళీ ఎవరికీ కనపడలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో, కడప జిల్లాలో, ఐతన్న అనే స్థానిక పిట్టలవేటగాడు రాత్రిపూట దాన్ని పట్టుకున్నాడు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ అది కలివికోడేనని తేల్చాడు. 86 ఏళ్ళ తర్వాత దొరికిన పిట్ట ఎక్కువ రోజులు బతకలేదు.

ఆ తర్వాత లంకమల పొదల్లో దాని జాడ వెతికినవాళ్ళు ఏం చేశారో తెలుసా? చీకట్లో తిరిగే పిట్ట, మనిషి అలికిడికే పొదలో కలిసిపోతుంది. అందుకని మెత్తటి మట్టిని నేలమీద పట్టీలుగా పరిచారు. పొద్దున్నే వెళ్ళి అందులో పడ్డ అడుగులు చూశారు. చితుకుపిట్ట అడుగేదో, కలివికోడి అడుగేదో తేడా పట్టారు. వాటంతటవే ఫొటో తీసే కెమెరాలూ పెట్టారు. ఒక పక్క కెమెరా, ఒక పక్క మట్టి. మట్టే ఫిలిం అయింది, పిట్ట కాలే వెలుతురయింది. ఆ పిట్ట కోసం తెలుగుగంగ కాలువ దారిని మార్చాల్సొచ్చింది. ఇంత సాక్ష్యం దుమ్ములోంచే వచ్చింది మరి.

ప్రకృతి ఫొటోల పోటీల్లో సాధారణంగా ఒక నియమం ఉంటుంది. దుమ్ము మచ్చలు చెరపొచ్చు, అక్కడ నిజంగా ఉన్నదాన్ని చెరపకూడదు. చదివినప్పుడు ఇంత తేలికైన నియమం ఇంకోటి లేదనుకున్నాను. ఇప్పుడు ఒక బటన్ నొక్కితే సాఫ్ట్‌వేరే మచ్చలన్నీ వెతికి తుడిచేస్తోంది. అది తుడిచినవాటిలో పిట్టలెన్నో ఎవరు లెక్కపెడతారు? ఒకసారి కనపడి, మళ్ళీ 86 ఏళ్ళు కనపడని పిట్ట ఉన్న దేశంలో, చుక్కని చుక్కే అనుకోవడం అంత చిన్న తప్పు కాదు.

అందుకే ఇప్పుడు అసలు రా ఫైళ్ళు పారెయ్యను. చెరిపేముందు ముందు ఫ్రేమూ వెనక ఫ్రేమూ తెరిచి పక్కపక్కన పెడతాను. కదలనిది దుమ్ము. కదిలినదాన్ని ఉంచేస్తాను. రోళ్ళపాడు ఫొటోని మళ్ళీ మొదటినుంచి దిద్దాను. ఎనిమిది పోయాయి. తొమ్మిదోది అలాగే ఉంది, ఆకాశంలో, కుడివైపు, చిన్న బూడిదచుక్కగా. చూసినవాళ్ళు, "సెన్సర్ క్లీన్ చేసుకోవాలండీ మీరు," అంటూ ఉంటారు. అననిస్తున్నాను.