డాక్టర్ సిస్టర్ మేరీ గ్లౌరీ

డాక్టర్ మేరీ గ్లౌరీ (1887 జూన్ 23 – 1957 మే 5) ఆస్ట్రేలియాలో పుట్టి, గుంటూరును తన ఊరుగా చేసుకున్న కేథలిక్ కన్యాస్త్రీ, వైద్యురాలు. మఠంలో ఆమె పేరు సిస్టర్ మేరీ ఆఫ్ ది సేక్రెడ్ హార్ట్. డాక్టరుగా పనిచేసిన తొలి కేథలిక్ కన్యాస్త్రీ మిషనరీగా చరిత్రలో ఆమె పేరు చెబుతారు. గుంటూరు సెయింట్ జోసఫ్ ఆసుపత్రిని పెంచి పెద్ద చేసింది, స్థానిక స్త్రీలకు వైద్యసేవలో శిక్షణ ఇచ్చింది, 1943లో కేథలిక్ ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించింది. రోగికి మందివ్వడంతో పాటు, మందివ్వగల మనుషులను తయారు చేయడం కూడా ఆమె తన బాధ్యతగా పెట్టుకుంది. ఆమె సేవ ఆమెతోనే ఆగిపోకపోవడానికి కారణం అదే.

నేపథ్యం

తెలుగు నాట కేథలిక్ కన్యాస్త్రీల సేవ ప్రధానంగా బడులతో ముడిపడి సాగింది. నేడు ఫ్రాన్స్‌లో ఉన్న ఆనెసీ పట్టణం నుంచి సెయింట్ జోసఫ్ సభ సిస్టర్లు 1849లో యానాం చేరారు. అక్కడి నుంచి వారి పని విశాఖపట్నానికి విస్తరించింది. విశాఖలో 1958లో మొదలైన సెయింట్ జోసఫ్ మహిళా కళాశాల ఆ సభదే. గుంటూరుకు 1904లో నెదర్లాండ్స్ నుంచి జీసస్ మేరీ జోసఫ్ సభ సిస్టర్లు వచ్చారు. జనం నోట వీరు జేఎంజే సిస్టర్లు. ఫాదర్ మథియాస్ వోల్ఫ్ అనే జెస్యూట్ గురువు 1822లో ఆమర్స్‌ఫూర్ట్‌లో ఈ సభను స్థాపించారు. ఏలూరు సెయింట్ థెరిసా కళాశాల, తెనాలి జేఎంజే మహిళా కళాశాల వీరు నడిపే సంస్థల్లో ముఖ్యమైనవి.

బడి నడపడానికి మఠానికి అడ్డేమీ లేదు. వైద్యం సంగతి వేరు. మఠవాసులు డాక్టర్లుగా పనిచేయడాన్ని అప్పటి చర్చి చట్టం నిషేధించింది. అందుకు రోమ్ నుంచి ప్రత్యేక అనుమతి కావాలి. మరోవైపు, మగ డాక్టరు చేత పరీక్ష చేయించుకోవడానికి ఇష్టపడని స్త్రీలు, పంపడానికి ఒప్పుకోని కుటుంబాలు ఈ దేశంలో ఎన్నో ఉండేవి. కాన్పు కష్టమైతే తల్లీబిడ్డలకు దిక్కు లేని పరిస్థితి. గుంటూరులో ఈ లోటు తీర్చడానికి అమెరికన్ లూథరన్ మిషన్ డాక్టరమ్మ అన్నా సారా కుగ్లర్ 1883 నుంచి పనిచేస్తూ వచ్చింది. అయినా ఒక జిల్లా అవసరానికి ఒక ఆసుపత్రి చాలేది కాదు.

బాల్యం, చదువు

మేరీ విక్టోరియా రాష్ట్రంలోని బిరెగుర్రాలో, ఐర్లండ్ మూలాలున్న కుటుంబంలో పుట్టింది. తర్వాత ఆ కుటుంబం వాచెమ్ అనే పల్లెప్రాంతపు ఊరికి మారింది. పదమూడో ఏట స్కాలర్‌షిప్పు రావడంతో మేరీ చదువు మెల్‌బోర్న్‌కు మారింది. విశ్వవిద్యాలయంలో మొదట ఆర్ట్స్‌లో చేరి, ఆపైన వైద్యం వైపు వచ్చింది. 1910లో పట్టా పుచ్చుకుని న్యూజీలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ ఆసుపత్రిలో పనిచేసింది. తిరిగి మెల్‌బోర్న్ వచ్చి సొంత ప్రాక్టీసు పెట్టింది. కంటి, చెవి ఆసుపత్రిలోనూ, సెయింట్ విన్సెంట్స్ ఆసుపత్రిలోనూ సేవలందించింది. 1916లో కేథలిక్ స్త్రీల సామాజిక సంఘం ఏర్పడినప్పుడు దానికి తొలి అధ్యక్షురాలైంది.

భారతదేశం వైపు

1915 అక్టోబరులో ఒక ఆదివారం ఆమె చేతికి చిన్న పుస్తకం ఒకటి వచ్చింది. అది స్కాట్లండ్ డాక్టరు ఆగ్నెస్ మెక్‌లారెన్ జీవితకథ. పెద్ద వయసులో కేథలిక్ మతం స్వీకరించిన మెక్‌లారెన్, రావల్పిండిలో స్త్రీల కోసం ఆసుపత్రి పెట్టించింది. కన్యాస్త్రీలు వైద్యం చేయడానికి అనుమతి కావాలని రోమ్‌ను పట్టుదలగా అడిగింది. ఆ పుస్తకం చదివాక తాను భారతదేశం వెళ్లాలని మేరీ నిశ్చయించుకుంది. వెంటనే బయలుదేరలేదు. ముందు చేయబోయే పనికి తగిన చదువు పూర్తి చేసింది. 1919లో ఎం.డి. అందుకుంది. ప్రసూతి, స్త్రీ వ్యాధులు, కంటి వైద్యం ఆమె ప్రత్యేకంగా చదువుకున్న విషయాలు.

1920 జనవరి 21న మెల్‌బోర్న్ వదిలి ఫిబ్రవరి 12న గుంటూరు చేరింది. జేఎంజే సభలో చేరి, పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అనే మూడు మాటపట్లు స్వీకరించింది. పోపు ప్రత్యేక అనుమతితో డాక్టరు పని కొనసాగించింది. ఆమె ఆస్ట్రేలియాను మళ్లీ చూడలేదు.

ఆసుపత్రి, శిక్షణ

చిన్న డిస్పెన్సరీగా ఉన్న వైద్యశాల ఆమె చేతుల్లో సెయింట్ జోసఫ్ ఆసుపత్రిగా ఎదిగింది. చాలా ఏళ్లపాటు అక్కడ ఆమె ఒక్కతే డాక్టరు. మొత్తం మీద లక్షలాది మంది రోగులు ఆ ఆసుపత్రిలో వైద్యం పొందారు. ఇంత పని ఒక్క మనిషి వల్ల అయ్యేది కాదు. అందుకే ఆమె స్థానిక స్త్రీలను నర్సులుగా, మంత్రసానులుగా, కాంపౌండర్లుగా తీర్చిదిద్దింది.

ఆ రోజుల్లో కాంపౌండరు పని చిన్నదేమీ కాదు. డాక్టరు చీటీ చదవాలి. పొళ్లు తూచి, ద్రావకాలు కొలిచి మిక్చరు కలపాలి. మోతాదు గుర్తుగా అంచు కత్తిరించిన కాగితపు పట్టీని సీసాకు అంటించాలి. ఎప్పుడు ఎంత తాగించాలో చదువురాని తల్లికి అర్థమయ్యేలా చెప్పి పంపాలి. తూకంలో తేడా వస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఆడపిల్ల అక్షరాలు నేర్చుకోవడమే అరుదైన కాలంలో ఇంతటి పని అప్పగించడమంటే, ఆ అమ్మాయిల తెలివి మీద గట్టి నమ్మకం ఉంచడమే. చేతికి వచ్చిన ఆ విద్యతో వాళ్లు తమ కాళ్ల మీద తాము నిలబడగలిగారు.

ఈలోగా రోమ్ వైఖరీ మారింది. మెక్‌లారెన్ స్ఫూర్తితోనే డాక్టరైన ఆస్ట్రియా వనిత ఆన్నా డెంగెల్ 1925లో మెడికల్ మిషన్ సిస్టర్ల సభను స్థాపించింది. కన్యాస్త్రీలు కాన్పు పనితో సహా వైద్యవిద్య నేర్చుకోవాలని ప్రోత్సహిస్తూ 1936లో రోమ్ ఆదేశం వెలువడింది. మేరీ గ్లౌరీ అప్పటికి పదహారేళ్లుగా గుంటూరులో ఆ పనిలోనే ఉంది.

ఆసుపత్రుల సంఘం

దేశంలో కేథలిక్ ఆసుపత్రులు ఎక్కడివక్కడ విడివిడిగా నడిచేవి. వాటిని కలపడానికి 1943లో పదహారు మంది సిస్టర్లు కూడి ఒక సంఘం పెట్టుకున్నారు. తొలి అధ్యక్షురాలు మేరీ గ్లౌరీ. నేడు కేథలిక్ హెల్త్ అసోసియేషన్ ఆఫ్ ఇండియాగా పేరొందిన ఈ సంఘంలో 3,500కు పైగా సంస్థలున్నాయి. ప్రధాన కార్యాలయం సికింద్రాబాద్‌లో ఉంది. కేథలిక్ వైద్య కళాశాల ఒకటి రావాలన్నది ఆమె ఆశయం. ఆమె మరణించాక, 1963లో బెంగళూరులో సెయింట్ జాన్స్ వైద్య కళాశాల మొదలైంది.

మరణం, గుర్తింపు

క్యాన్సర్‌తో బాధపడుతూ 1957 మే 5న ఆమె బెంగళూరులో కన్నుమూసింది. కేథలిక్ చర్చి 2013 మార్చి 27న ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించింది. పునీతుల వరుసలో చేర్చే ప్రక్రియలో ఇది తొలి మెట్టు.