వివాహమున ప్రేమయు సాక్ష్యమును

వధూవరులు తమంత తాము వలచి పెండ్లాడుట నేటికాలపు వింతయని పెద్దలు కొందఱు తలంతురు. అది సరికాదు. మన ధర్మశాస్త్రములు ప్రాచీనకాలముననే దీనికొక పేరిడినవి. మనుస్మృతి మూడవ యధ్యాయమున ఎనిమిది విధములైన వివాహములు చెప్పబడినవి. తండ్రి కూతు నలంకరించి యోగ్యునకు దానమిచ్చుట బ్రాహ్మము. ధనమిచ్చి కన్యను గొనుట ఆసురము. ఆమె యేడ్చుచుండ బలిమి గొనిపోవుట రాక్షసము. కన్యయు వరుడును పరస్పరము ఇచ్చగించి కలియుట గాంధర్వము.

ఇందుకు మనమెల్లరము ఎఱిగిన నిదర్శనము శకుంతలాదుష్యంతుల కథ. నన్నయభట్టు దీనిని ఆదిపర్వమున తెనిగించెను. కణ్వమహర్షి ఫలములకై వనమున కేగిన వేళ రాజు ఆశ్రమమునకు వచ్చెను. తండ్రి వచ్చువఱకు నాగుమని శకుంతల వేడెను, రాజు తాళడయ్యెను. అంతట నామె తనకు పుట్టబోవు కుమారునకే రాజ్యము చెందవలెనని మాట పుచ్చుకొని సమ్మతించెను. ఎంత ముందుచూపు గల కన్యయో చూడుడు! అయినను, కొన్నియేండ్లకు కొడుకును వెంటబెట్టుకొని నిండుకొలువునకు రాగా, రాజు ఎఱిగియు నెఱుగనని పలికెను. ఆకాశవాణి సాక్ష్యము పలికిన పిదపగాని ఆమెను చేపట్టలేదు. ఈ పెండ్లి తామిరువురు తప్ప అన్యు లెఱుగరు గనుక లోకనిందకు వెఱచితినని అతడే చెప్పుకొనెను. అచ్చట కొఱవడినది ప్రేమ కాదు, సాక్ష్యము. ఆ కొఱతకు అవమానము పొందినది మాత్రము స్త్రీ.

తరువాతి కాలమున బాల్యవివాహములు ప్రబలెను. ఎనిమిదేండ్ల పసిదానిని ఇష్టమా యని యడుగువా రెవరు? 1929లో పుట్టిన శారదాశాసనము కన్యకు 14, వరునకు 18 ఏండ్లు నిండవలెనని విధించెను. 1978లో అవి 18, 21 ఏండ్లుగా హెచ్చింపబడెను. ఈడు రానిదే ఇచ్చ యనుమాటకు అర్థము లేదు గదా.

సాక్ష్యపు లోటును తీర్చుటకును శాసనములు పుట్టినవి. 1872వ సంవత్సరపు శాసనమున, రిజిస్ట్రారు ఎదుట ముగ్గురు సాక్షుల సమక్షమున పెండ్లాడు వీలు కలిగెను. కాని వధూవరులు తాము హిందూ, మహమ్మదీయాది మతములను అవలంబించువారము కామని ప్రకటింపవలసి యుండెను. 1954 నాటి ప్రత్యేక వివాహ శాసనము ఆ నిర్బంధమును తొలగించెను. ముప్పది దినముల ముందు నోటీసును, ముగ్గురు సాక్షులును మాత్రము ఉండవలెను. మఱియు 2006లో సర్వోన్నత న్యాయస్థానము ఒక తీర్పునందు, యుక్తవయస్కులు తమకు నచ్చినవారిని పెండ్లాడవచ్చుననియు, తలిదండ్రులకు ఇష్టము లేనిచో రాకపోకలు మానవచ్చునే గాని, బెదిరించుటయు హింసించుటయు కూడదనియు చెప్పెను.

పెద్దలారా! మీ యూరి రచ్చబండకడకు ఇట్టి తగవు వచ్చినపుడు శకుంతలను స్మరింపుడు. మీరు తలుపు మూసినచో వయసువారి ప్రేమ ఆగదు, చాటునకు పోవును. చాటుపెండ్లిలో మోసపోవునది ఆడుబిడ్డయే. ఈడు, ఇష్టము కలవని తెలిసినపుడు మీరే సాక్షులై కూర్చుండుడు. ప్రతి శకుంతలకును ఆకాశవాణి పలుకదు. పలుకవలసినవారు ఊరి పెద్దలే.