తూటాల నడుమ మాట మర్యాద

1993 డిసెంబరులో ఐడీ సాఫ్ట్‌వేర్ సంస్థ ‘డూమ్’ అనే షూటర్ (తుపాకీ కాల్పుల) ఆటను విడుదల చేసింది. నలుగురు ఒకే నెట్‌వర్కు మీద ఆడుకునే వీలుతో పాటు, ఆడుతూ మాట్లాడుకునే చిన్న ఏర్పాటు కూడా అందులో ఉంది. ముందే రాసిపెట్టిన పొట్టి మాటలు పది, ఒక్కో అంకెకు ఒక్కటి. ఒక అంకెలో ‘సాయం’ అన్న కేక, ఇంకోదానిలో ‘నా పరిస్థితి బాగాలేదు’, మరోదానిలో ‘ఆ సంగతి నేను చూసుకుంటా’. ఆ వరసలోనే ఎదుటివాణ్ని తీసిపారేసే తిట్టూ, ‘ఈసారి నీ పని చెప్తా’ అనే తరహా బెదిరింపూ. ఇప్పటి పిల్లలు నోటికొచ్చినట్టు తిడుతున్నారు గనక షూటర్ ఆటలు పాడయ్యాయి అనేవాళ్లకు ఇక్కడే జవాబుంది. తిట్టును మొదటి రోజునే, తయారుచేసినవాళ్లే, అంకె వేసి మరీ చేతికిచ్చారు. అయినా ఆ రోజుల్లో దానివల్ల పెద్ద గొడవేమీ రాలేదు. ఒకే నెట్‌వర్కు మీద ఆడేవాళ్లు చాలావరకు ఒకే ఆఫీసువాళ్లో ఒకే కాలేజీవాళ్లో అయ్యుండేవారు. ఆట ముగిశాక ఒకరి మొహం ఒకరు చూడాలి. ఆ తర్వాత మూడు దశాబ్దాల్లో మారింది ఆటగాళ్ల గుణం కాదని నా వాదన. ఎవరు ఎవరితో కలిసి ఆడతారు, మళ్లీ కలుస్తారా, హద్దు మీరితే అడిగేవాడెవడు అనే ఏర్పాట్లు మారాయి, వాటి వెంటే మర్యాదా మారింది.

1996లో ‘క్వేక్’ వచ్చి ఆటను ఇంటర్నెట్‌కు ఎక్కించింది. 1999లో మిన్ లే, జెస్ క్లిఫ్ అనే ఇద్దరు ‘హాఫ్-లైఫ్’ ఆట మీద మార్పులు చేసి ‘కౌంటర్-స్ట్రైక్’ తయారుచేశారు. ఈ ఆటలు నడిచిన సర్వర్లలో చాలా భాగం కంపెనీవి కావు. ఎవరో ఒక ఔత్సాహికుడు అద్దె కట్టి సర్వర్ పెట్టేవాడు, నియమాలు రాసేవాడు, మీరినవాణ్ని బయటికి గెంటేవాడు. రోజూ అదే సర్వర్‌కు వచ్చేవాళ్లకు అక్కడ ఒక పేరు, పేరుతో పాటు పరువు ఉండేవి. ఇక కౌంటర్-స్ట్రైక్‌లో మాటకు పెట్టిన కట్టుబాటు చూడండి. రౌండులో చచ్చిపోయినవాడు మిగతావాళ్ల ఆటను చూస్తూ కూర్చుంటాడు. శత్రువు ఏ మూల నక్కాడో వాడికి తెలిసిపోతుంది. బతికున్నవాళ్లకు ఆ కబురు చేరవేస్తే ఆటే లేదు. అందుకని చచ్చినవాడి చాట్ చచ్చినవాళ్లకే, పక్కన ‘డెడ్’ అన్న గుర్తుతో, కనపడేలా కట్టడి చేశారు. కానీ ఆ కట్టడి తెర మీదే పనిచేస్తుంది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో నెట్ సెంటర్‌లో పక్కపక్క కుర్చీల్లో కూర్చుని 1.6 వెర్షన్ ఆడిన తరానికి ఆ సంగతి బాగా తెలుసు. పక్కవాడి స్క్రీన్ మీదికి ఓరగా ఒక్క చూపు చాలు. దాన్ని పట్టుకునే సాఫ్ట్‌వేర్ ఏదీ లేదు. చూడకుండా ఉండేవాడు ఎందుకు ఉండేవాడంటే, చూశాడని తెలిస్తే రేపటి నుంచి జట్టులోకి ఎవరూ పిలవరు గనక.

2002 నవంబరులో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ లైవ్ మొదలుపెడుతూ చందా పెట్టెలోనే హెడ్‌సెట్ పెట్టి ఇచ్చింది. 2004లో ‘హేలో 2’ వచ్చింది. సర్వర్ వెతుక్కునే పని తీసేసి, సమాన స్థాయివాళ్లను ఆటే ఏరి కూర్చే మ్యాచ్‌మేకింగ్‌ను అది ఇంటింటికీ తెచ్చింది. సౌకర్యంగా దీనికి వంక పెట్టలేం. కొత్తవాడు ఉద్దండుల చేతిలో చితికిపోకుండా ఆడుకోగలిగాడు. కానీ ప్రతి పది నిమిషాలకూ కొత్త మొహాలు, అవి కూడా కనపడని మొహాలు. రైల్లో పక్క బెర్తు పరిచయంలాగా స్టేషన్ వస్తే సరి. 2009లో ‘మోడర్న్ వార్‌ఫేర్ 2’ పీసీ మీద సొంత సర్వర్లు పెట్టుకునే వీల్లేకుండా చేసినప్పుడు లక్షకు పైగా సంతకాలతో అభ్యర్థన వెళ్లింది. కంపెనీ వినలేదు.

గొంతు, అపరిచయం ఒకచోట కలిస్తే ఏమవుతుందో ఒహాయో విశ్వవిద్యాలయ పరిశోధకులు కుజ్‌నెకాఫ్, రోజ్ ‘హేలో 3’లో పరీక్షించి చూశారు. ముందుగా రికార్డు చేసిన అవే మాటలను ఒక ఖాతాలో మగ గొంతుతో, ఇంకో ఖాతాలో ఆడ గొంతుతో వినిపించారు. మూడో ఖాతాలో మాటే లేదు. ఆడ గొంతుకు మిగతా రెంటికంటే మూడు రెట్లు ఎక్కువ దూషణలు వచ్చాయి. అదే సమాచారాన్ని ఆ తర్వాత మళ్లీ తవ్వి 2015లో వెలువరించిన ఇంకో అధ్యయనం మరింత ఆసక్తికరం. ఆడ గొంతు మీద విరుచుకుపడినవాళ్లు ఎక్కువగా ఆటలో వెనకబడ్డ మగవాళ్లు. బాగా ఆడేవాళ్లు ఆమెతో మంచిగానే మాట్లాడారు. ఓడిపోతున్నవాడి ఉక్రోషం అలుసుగా దొరికినవాళ్ల మీదికి మళ్లుతుందన్నమాట. అడిగేవాడూ లేడు, రేపు ఎదురుపడాల్సిన పనీ లేదు.

అయితే పాత సర్వర్ల కాలం స్వర్ణయుగమేమీ కాదని ఎవరైనా అంటే ఒప్పుకోవలసిందే. అడ్మిన్ అంటే ఆ సర్వర్‌కు చిన్నపాటి జమీందారు. తనను ఓడించినవాణ్ని మోసగాడని ముద్రవేసి తరిమేసిన అడ్మిన్‌లు కోకొల్లలు. ఆడపిల్లలను అక్కడా పీటవేసి పిలిచిందేమీ లేదు. కాకపోతే ఒక తేడా ఉంది. ఆ జమీందారు నచ్చకపోతే పక్క సర్వర్‌కు పోవచ్చు. మ్యాచ్‌మేకింగ్‌లో పోవడానికి పక్క అంటూ ఏమీ లేదు. ఇక ‘కవ్వింపు లేని ఆట ఏం ఆట, నచ్చనివాడు మ్యూట్ చేసుకుంటే పోలేదా’ అనే వాదన ఉంది. కవ్వింపుతో నాకూ పేచీ లేదు, ఎదుటివాడు కూడా దాన్ని ఆటగానే తీసుకున్నంతవరకు. మ్యూట్ సంగతి వేరు. ఐదుగురి జట్టులో ఇద్దరు మైకులు కట్టేసుకుంటే ‘ఎడమ మెట్ల మీద ఇద్దరున్నారు’ అన్న కబురు అందదు. తిట్టినవాడు తిట్టిపోతాడు, నష్టం జట్టుకు. పైగా నోరు మూసుకోవలసి వచ్చేది తిట్లు తిన్నవాళ్లే.

ఈ నష్టం కంపెనీల దాకా చేరడానికి చాలా ఏళ్లు పట్టింది. చేరాక మొదట వేసిన మందుల్లో ఒకటి సరదా అయినది. ‘ఓవర్‌వాచ్’లో గెలిచినవాడు ఓడినవాళ్లను ఎగతాళి చేస్తూ ‘జీజీ ఈజీ’ (మంచి ఆట, తేలిగ్గా గెలిచాం) అని కొడితే, ఆట దాన్ని తుడిచేసి, నిద్రవేళ దాటిపోయింది అమ్మకు చెప్పొద్దు అన్న ధోరణి వాక్యాన్ని అతని పేరు మీదే వేసేది. 2018లో అదే ఆటలో మ్యాచ్ అయ్యాక తోటివాళ్లను, ప్రత్యర్థులను కూడా మెచ్చుకుని ఓటేసే పద్ధతి పెట్టారు. అప్పట్లో ఆ మెప్పు నిలవ ఉండేది కాదు, ఎప్పటికప్పుడు సంపాదించుకోవలసి వచ్చేది. తిట్లున్న మ్యాచ్‌లు అమెరికా ప్రాంతంలో 26.4 శాతం, కొరియాలో 16.4 శాతం తగ్గాయని అప్పటి ఆట సారథి జెఫ్ కాప్లన్ ప్రకటించారు. కంపెనీ సొంత లెక్క గనక కొంత తగ్గించే చదువుకుందాం. అయినా నాకు ముఖ్యమనిపించేది 2019 ఫిబ్రవరిలో ‘అపెక్స్ లెజెండ్స్’ తెచ్చిన పింగ్ పద్ధతి. తుపాకి వైపు చూసి ఒక్క బటన్ నొక్కితే అదేమిటో, ఎక్కడుందో జట్టు మొత్తానికీ తెలుస్తుంది. ఇంకొకరు ‘అది నాకు’ అని ఒక్క నొక్కుతో చెప్పొచ్చు. తీసుకున్నాక థాంక్స్ చెప్పమని ఆటే అందిస్తుంది. గొంతు ఎవరిదో, భాష ఏదో తెలియనక్కర్లేదు. డూమ్‌లోని పది మాటల తర్వాత పాతికేళ్లకు ముందే రాసిపెట్టిన మాటలే మళ్లీ వచ్చాయి, ఈసారి తిట్టును పక్కకు తీసేసి.

పింగ్‌తో పొందిక కుదురుతుంది గానీ స్నేహం పుట్టదని ఒక ఫిర్యాదు, అందులో నిజం లేకపోలేదు. అమెరికాలో యాంటీ-డిఫమేషన్ లీగ్ 2019లో జరిపిన సర్వేలో ఆన్‌లైన్ ఆటలాడే పెద్దల్లో 74 శాతం మంది వేధింపు ఎదురైందన్నారు. ఆ సర్వేలోనే 88 శాతం మంది మంచి అనుభవాలూ కలిగాయన్నారు. ఆ మంచిలో ఎక్కువ భాగం మాటతో వచ్చినదే అనుకుంటాను. అందుకే కాబోలు, ఆటగాళ్లు ఆటకు బయట, 2015లో వచ్చిన డిస్కార్డ్ అనే మాటల వేదికలో, మళ్లీ గదులు కట్టుకున్నారు. పేర్లు, అడ్మిన్‌లు, బ్యాన్‌లు, రోజూ వచ్చే జనం, అన్నీ పాత సర్వర్ల పోలికే. ఇక ఆట లోపల, మ్యాచ్‌లోని మాటలను వినే పనిని కంపెనీలు యంత్రానికి అప్పగించాయి. ‘కాల్ ఆఫ్ డ్యూటీ’ 2023లో ఆసియాను మినహాయించి ఆ ఏర్పాటును మిగతా ప్రపంచానికి విస్తరించింది. తెలుగు తిట్టు ఆ చెవిన పడే అవకాశం అప్పటికి లేదు. కాబట్టి మనవాళ్లకు మిగిలింది డిస్కార్డ్ గదే. జట్టులోపలి మాటకు ఆ గది బాగానే పనికొస్తోంది. కానీ ప్రత్యర్థి ఆ గదిలో ఉండడు. పాత సర్వర్‌లో వాడూ రోజూ వచ్చేవాడే, రేపు మన జట్టులో పడే వాడే.