దొరకని అరికాలు

రాయదుర్గంలో మీకు సీటు దొరుకుతుంది, మెట్రో బయల్దేరేది అక్కడే కదా. ఒళ్లో స్కెచ్‌బుక్, చేతిలో 2బీ పెన్సిల్. హైటెక్ సిటీ స్టేషన్‌లో తలుపులు తెరుచుకోగానే జనం తోసుకొస్తారు. మెడల్లో ట్యాగులు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. ముఖం గీయబోతే ఇట్టే పసిగట్టి తల తిప్పేసుకుంటారు. పాదాలకు ఆ గొడవ లేదు. తల దించండి.

ఎదురుగా బూడిద రంగు రన్నింగ్ షూ. వదిలేయండి, బూటు గీస్తే కంపెనీ బొమ్మ వస్తుంది గానీ మనిషి రాడు. పక్కన ఒకావిడ చెప్పు విడిచి కాస్త గాలి పోసుకుంటోంది. రెండో వేలికి మెట్టెలు, గోళ్ల అంచున పసుపు. ఇవాళ శ్రావణ శుక్రవారం. చీలమండ దగ్గర జాగ్రత్త: లోపలివైపు ఎముక పైకి ఉంటుంది, బయటివైపుది కాస్త కిందికి. రెండూ ఒకే మట్టాన పెట్టారో, అది కొయ్యకాలే.

అరికాలు మాత్రం దొరకదు. ఇంతమందీ దాన్ని నేలకి అప్పగించేశారు.

దుర్గం చెరువులో ఒకమ్మాయి నిద్రపోతున్న చంటివాడితో ఎక్కుతుంది. మీరు లేచి సీటిస్తారు. ఆమె ఒళ్లో సర్దుకోగానే వాడి రెండు అరికాళ్లూ మీ వైపు తిరుగుతాయి. ఎంత చదునో! ఆ వయసుకి పాదంలో వంపు ఇంకా ఏర్పడదు. వేళ్లయితే కృష్ణాష్టమికి అమ్మమ్మ పిండితో పెట్టే అయిదు చుక్కలే.

ఈ చదును అమరావతిది. రెండు వేల ఏళ్ల కిందట అక్కడి తొలి శిల్పులు బుద్ధుణ్ణి మనిషిగా చెక్కలేదు. పల్నాటి సున్నపురాయిలో జంట పాదాలు చెక్కి, అరికాళ్ల నడుమ చక్రం పెట్టి ఊరుకున్నారు. అలాంటి పలక ఒకటి ఇప్పుడు లండన్‌లో, బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. నరం, ఎముక, వంపు వాళ్లకి పట్టలేదు. మొక్కడానికి అడుగుజాడ చాలు. నడిచినవాడు కనబడనక్కర్లేదు.

కుదుపు. పుస్తకం జారిపోతుంది. సరిగ్గా ఆ బూడిద రంగు షూ దాని మీదే పడుతుంది.

“అయ్యో, సారీ అండీ!” కుర్రాడు వంగి తీస్తాడు, దుమ్ము దులుపుతాడు, కళ్లకద్దుకుంటాడు. అందులో ఉన్నవన్నీ కాళ్లే. తెరుచుకున్న పేజీ చూసి, తన బూట్ల వంక చూసుకుని అడుగుతాడు:

“నావి వెయ్యలేదేంటండీ?”